మేస్త్రిగారి మూడు గాట్లు

పోయిన ఆదివారం ఉదయం మా పక్కింటి మేస్త్రిగారు పోయారు. చర్చికి బయల్దేరుతూ మంచం అంచున కూర్చుని ఎడమచేత్తో తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటున్నారట. వంటింట్లోంచి ఆయన భార్య పిన్నిగారు "టైమైపోతోంది, ఇంకా ఎన్ని గుండీలున్నాయండీ?" అని అడిగితే జవాబు రాలేదు. ఆవిడ ప్రహరీగోడ దగ్గరకు వచ్చి నన్నే పిలిచారు. "అమ్మాయ్, మీ బాబాయి పలకట్లేదు, ఒక్కసారి రా." నేను వెళ్ళేసరికి పై రెండు గుండీలు మిగిలి ఉన్నాయి. అవి నేను పెట్టాను.

ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ఆటోనగర్‌లో కార్ల సస్పెన్షన్ పని చేశారు. ముందు చక్రాలను బండికి పట్టి ఉంచే ఇనుప చేతులు, కీళ్ళు, స్ప్రింగులు, అదే ఆయన లోకం. మా వీధి మలుపులో గతుకు మీద ఏదైనా కారు పడితే, వరండాలో కూర్చుని ఆ చప్పుడు విని "కుడివైపు రబ్బరు బుష్ పోయింది పాపం" అనేవారు. చర్చిలో జరిగిన ప్రార్థనలో చాలామంది ఆయన ఓర్పు గురించి, మంచితనం గురించి మాట్లాడారు. అవన్నీ నిజమే. నాకు తెలిసినది ఇంకొకటి ఉంది. పగ ఎలా తీర్చుకోవాలో ఆయన నాకు నేర్పారు. ఆయనకు నేను రుణపడింది అందుకే. అక్కడ ఎవరూ అది చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పనిలో ఆయనకు కొన్ని నియమాలుండేవి. విప్పిన నట్టును వెంటనే దాని బోల్టుకే మళ్ళీ ఎక్కించి పెట్టేవారు. బండిలోంచి తీసేసిన పాత భాగాన్ని కాగితంలో చుట్టి యజమాని చేతికిచ్చేవారు. "ఏం తీశానో మీరు చూడాలి గదండీ" అనేవారు. ఇక బాగుచెయ్యటానికి వీల్లేని భాగమైతే ఉలి పెట్టి దాని మీద పక్కపక్కనే మూడు గాట్లు కొట్టి షెడ్డు మూల కుప్పలో వేసేవారు. ఆ గాట్లున్న ఇనుమును ఎవరూ మళ్ళీ బండికి బిగించకూడదని లెక్క. ఆయన షెడ్డున్న వరసలో ఆ గుర్తు అందరికీ తెలుసు.

నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిచేతికి పట్టు పోయింది. షెడ్డు మూసేశారు. మా తెల్లకారు అప్పటికే పాతది, నెలకోసారి ఏదో ఒకటి మూలిగేది. "నా దగ్గర పని నేర్చినవాడేనండీ, వాడి చెయ్యి నా చెయ్యే అనుకోండి" అంటూ తన శిష్యుడి గ్యారేజీకి మమ్మల్ని ఆయనే పంపారు. శిష్యుడు అప్పటికే నలభై దాటినవాడు. మాట నెమ్మది, మర్యాద ఎక్కువ.

కారు కొన్నప్పటి నుంచి దానికొక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, మీటరు మీద కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎవరు మార్చారు. ముందుచక్రం చప్పుడు చేస్తోందని గ్యారేజీకి ఇచ్చిన రోజు శిష్యుడు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను: ఎడమవైపు లోయర్ ఆర్మ్ కొత్తది వేశారు. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి. తీసిన పాతది ఏదని అడిగాను. "తూకానికి పోయిందండీ మేడం" అన్నాడు. అదీ రాశాను.

నాలుగు నెలలకు మావారు వాళ్ళ అక్కగారిని తీసుకుని పామర్రు నుంచి వస్తున్నారు. మధ్యాహ్నం వేళ. కంకిపాడు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ఎడమవైపు ముందుచక్రం లోపలికి మడతపడిపోయి, కారు రోడ్డు దిగి మినప చేలో బోర్లాపడింది. మావారికి తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ఇప్పటికీ ఆ కాలు అంగుళం పొట్టి. వదినగారికి భుజం ఎముక విరిగింది.

శిష్యుడు ఆస్పత్రికి యాపిల్ పళ్ళు పట్టుకొచ్చాడు. నేను ఫ్లాస్కు కడిగి తెస్తూ కర్టెన్ అవతల ఆగాను. వదినగారి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గొంతు తగ్గించి చెబుతున్నాడు. "సారు కాస్త కునికినట్టున్నారండీ. భోజనం చేసి బయల్దేరారు గదా. కారు నేను వెళ్ళి చూశాను. కారులో ఏ దోషం లేదు."

ఆ ఒక్క మాట బంధువులందరికీ పాకింది. వదినగారు మా ఇంటికి రావటం మానేశారు. తమ్ముడు నిద్రపోతూ నడిపి తన భుజం విరగ్గొట్టాడని ఆవిడ నమ్మారు. దానికంటే ఘోరం, మావారు కూడా నమ్మారు. ఇరవై ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, ఏ జవాబైనా రెండుసార్లు సరిచూసుకునే మనిషి, "నేను కునికానేమోనే. ఎంత తలుచుకున్నా ఆ ఒక్క నిమిషం గుర్తు రావట్లేదు" అని పొద్దస్తమానం అదే మాట. ఆటో ఎక్కితే తల దించుకుని కూర్చునేవారు. రోడ్డు వంక చూసేవారు కాదు. కాలు విరగ్గొట్టినందుకైతే ఏమో, మావారి చేత ఆ మాట అనిపించినందుకు మాత్రం శిష్యుణ్ణి వదిలిపెట్టకూడదనుకున్నాను.

నోటుపుస్తకం తీసుకుని మేస్త్రిగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ రెండుసార్లు చదివారు.

"చక్రం ఎటు మడతపడింది?"

"లోపలికండీ. కింది భాగం లోపలికి పోయింది."

ఆయన పుస్తకం మూశారు. "మనిషి కునికితే బండి పక్కకి పోద్దమ్మాయ్. చక్రం దానంతట అది మడతపడదు. బండి ఎక్కడుందిప్పుడు?"

ఇన్సూరెన్సు వాళ్ళు దాన్ని ఇబ్రహీంపట్నం దగ్గర పాత బండ్లు కోసే యార్డుకు అమ్మేశారని చెప్పాను.

"రేపు పొద్దున్నే వెళ్దాం. పాత చీర కట్టుకో. పాత దుప్పటొకటి తెచ్చుకో, కింద పడుకోవాలి. పని నువ్వే చెయ్యాలి, నాకు చెయ్యి లేదు."

"నేనా బాబాయిగారూ? నాకు స్క్రూడ్రైవరు పట్టుకోవటమే సరిగ్గా రాదు."

"గారెల పిండి ఎంత జారుగా ఉందో నీ వేళ్ళకి తెలుస్తదా లేదా? నట్టు కూడా అంతే. నేను చెప్తా, నీ వేళ్ళు వింటాయి."

ముందు పోలీసుల దగ్గరకు వెళ్దామా అని అడిగాను. "ఉత్తి అనుమానం పట్టుకుని పోతే వాడు లాయరు చేత మాట్లాడిస్తాడు. ఇనుము చేతిలో ఉంటే వాడే మాట్లాడతాడు" అన్నారు.

యార్డులో అన్ని బండ్ల మీదా థర్మల్ స్టేషన్ బూడిద పల్చగా పేరుకుని ఉంది. మా తెల్లకారు మూడో వరసలో ఒక ట్రాక్టరుకు ఆనుకుని నిలబడి ఉంది. యార్డు సూపర్‌వైజరు దాన్ని చూపిస్తూ నవ్వాడు.

"ఏంటి మేడం, ఈ బండికి ఇంత గిరాకీ? దీని ముందు భాగం మొత్తం కావాలని నిన్ననే ఒకాయన ఫోన్ చేశాడు. మధ్యాహ్నం వ్యాను పంపిస్తాడంట."

"ఎవరాయన?" అన్నారు మేస్త్రిగారు.

"ఆటోనగర్ గ్యారేజీ ఆయనండీ."

మేస్త్రిగారి ముఖం చూశాను. అప్పటివరకూ ఆయనలో ఎక్కడో చిన్న ఆశ ఉండి ఉంటుంది, తన మనిషి అలా చెయ్యడని. అది అక్కడ పోయింది. "ముందొచ్చింది మేము. మాకు ఎడమవైపు ముందు కాలు ఒక్కటి చాలు. మిగతాదంతా ఆయనకే ఇచ్చుకో" అన్నారు.

"మేడంగారు విప్పుతారా?" సూపర్‌వైజరు నా చీర వంక చూశాడు. "మధ్యాహ్నం కాదుగదా, సంక్రాంతికి కూడా అవ్వదు. మావాళ్ళని పిలుస్తా, గ్యాస్ కట్టరుతో రెండు నిమిషాల్లో కోసిస్తారు."

"కట్టరు దాని దగ్గరికి తెచ్చావంటే ముందు నీ మీసం కాలుద్ది. పోయి జాకీ పట్రా."

అలా మొదలైంది. జాకీతో కారు ఎత్తాక, కింద రెండు చెక్క దిమ్మలు పెట్టించి, వాటి మీదకు బరువు దింపేదాకా నన్ను దగ్గరకు రానివ్వలేదు. "జాకీ లేపటానికే అమ్మాయ్, మొయ్యటానికి కాదు. దాన్ని నమ్మి చెయ్యి పెట్టినవాళ్ళ వేళ్ళు ఆటోనగర్‌లో చాలా ఉన్నాయి." చక్రం తీశాను. లోపల అన్నీ ఒకే రంగు తుప్పు. ప్రతి నట్టు మీదా డీజిల్ పోయించి, "ఇప్పుడు టీ తాగాలి" అన్నారు. వ్యాను వచ్చేస్తుందేమోనని నాకు కాళ్ళు నిలవటం లేదు. ఆయన నింపాదిగా గ్లాసు పూర్తిచేశారు. "నాననివ్వకపోతే గంట పని నాలుగు గంటలవుద్ది."

స్టీరింగు నుంచి వచ్చే రాడ్డును చక్రం భాగం నుంచి విడదీయటం మొదటి పని. నట్టు ఊడినా అది కదల్లేదు. ఒక సుత్తి ఆనించి, రెండో సుత్తితో పక్కన కొట్టమన్నారు. ఏడో దెబ్బకు టక్కున జారింది. తర్వాత కింది కీలు బోల్టు. దాని దగ్గర నా సహనం పోయింది. స్పానరుకు పైపు తొడిగి, శిష్యుడి మెడ అనుకుని లాగాను. స్పానరు జారి మణికట్టు చీరుకుపోయింది. ఇంకో పెద్ద స్పానరు అందుకోబోతే ఆయన ఎడమచేత్తో ఆపారు.

"కోపంగా ఉందా?"

"ఉంది."

"ఉండాలి. లేకపోతే నిన్ను తీసుకొచ్చేవాణ్ణి కాదు. కానీ కోపానిక్కూడా సైజుంటది. పెద్ద స్పానరు పెట్టావంటే నట్టు తల గుండ్రమైపోద్ది. ఇంక జన్మలో ఊడదు. సరైన సైజు పెట్టి, నెమ్మదిగా, వదలకుండా లాగు."

సరైనది పెట్టి లాగితే కిర్రుమంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. అంత తృప్తి నా పెళ్ళినాడు కూడా కలగలేదని ఇంటికి వచ్చాక మావారితో అంటే ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు.

లోయర్ ఆర్మ్ ఒక్కటీ చాలదన్నారు మేస్త్రిగారు. రేపు శిష్యుడు షాక్ అబ్జార్బరు విరిగిందని చెప్పొచ్చు, స్ప్రింగు తెగిందని చెప్పొచ్చు. అన్నీ మన దగ్గర ఉండాలి. బానెట్ ఎత్తితే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉన్న స్తంభాన్ని పై నుంచి పట్టుకుని మూడు నట్లున్నాయి, నడిమధ్య ఒక పెద్ద నట్టుంది. "చుట్టూ ఉన్నవి తియ్యి. నడిమిదాని జోలికి పోకు. దానికింద స్ప్రింగు నొక్కిపెట్టి ఉంది. తీస్తే ముఖం మీదికి ఎగిరొస్తది." చుట్టూ ఉన్నవే తీశాను. చక్రం చోట కూర్చుని పట్టి లాగితే స్తంభం మొత్తం ఒక్కసారిగా నా ఒళ్ళో పడింది. ఊడిన ప్రతిదాన్నీ ఫోనులో ఫోటో తీశాను, నోటుపుస్తకంలో వరసగా రాశాను. నట్లన్నీ వాటి బోల్టులకే ఎక్కించాను. చివర్లో లోయర్ ఆర్మ్ రెండు ముక్కలుగా బయటికి వచ్చింది.

దుప్పటి మీద పెట్టి ఆయనకు చూపించాను. నల్లరంగు నిగనిగలాడుతోంది. విరిగినచోట అంచు వెంట వెల్డింగు గీత ఉంది. అంటే కొత్తది కానే కాదు. ఒకసారి చీలినదాన్ని అతికి, రంగు పూశారు. నాకు అది చాలు. మేస్త్రిగారికి చాలలేదు. డీజిల్ గుడ్డతో పైభాగం రుద్దమన్నారు. రంగు పొరలుగా లేచింది. కింద రెండు చోట్ల రాపిడి మిషను పట్టిన మెరుపు కనిపించింది. వాటి పక్కన, బుష్ అంచుకు ఆనుకుని, మిషను అందని చోట ఒక గాటు.

ఆయన దాని మీద ఎడమ బొటనవేలు పెట్టి ఆపి ఉంచారు.

"ఇది నాది."

"ఏమిటండీ?"

"గాటు. మూడు కొట్టాను. రెండు రాపిడి పట్టేశాడు, మూడోది అందలేదు. షెడ్డు మూసినప్పుడు పనికిరాని ఇనుమంతా వాడికే ఇచ్చానమ్మా, తూకానికి వేసెయ్యమని. ఇది నా కుప్పలోంచే వచ్చింది."

వెనక్కి వచ్చేటప్పుడు మా ట్రాలీ ఆటో గేటు దాటుతుంటే గ్యారేజీ వ్యాను లోపలికి వస్తోంది. మేస్త్రిగారు దాని వంక చూడలేదు. దారి పొడవునా ఒక్కటే మాట అన్నారు. "రెండు ముక్కలు చేసి పారెయ్యాల్సింది. గుర్తు చాలనుకున్నాను."

ఆ క్షణంలో నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. అది రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. సుత్తితో ఒక్క దెబ్బ వేసి ఉంటే మావారు ఇవాళ సరిగ్గా నడిచేవారు. తన గుర్తును ఎవరూ దాటరని ఒక మనిషి అంతగా ఎలా నమ్ముతాడు? నాలుగు రోజులు గోడ దగ్గరకు వెళ్ళలేదు. అయిదో రోజు ఆయనే వచ్చి నిలబడ్డారు.

"నన్ను తిట్టాలనుంటే తిట్టమ్మాయ్. తిట్టాక, వాణ్ణి ఏం చేద్దామో అది కూడా చెప్పు."

తిట్టలేదు. ఏం కావాలో చెప్పాను. మావారి ముందు, వదినగారి ముందు, ఆ వరసలో ఉన్న గ్యారేజీల వాళ్ళందరి ముందు శిష్యుడు తన నోటితో నిజం చెప్పాలి. కునికారన్న మాట ఎక్కడెక్కడికి పాకిందో ఇదీ అక్కడికి పాకాలి.

"అయితే దసరా దాకా ఆగు. అంతమంది ఒక్కచోట అప్పుడే దొరుకుతారు."

ఏడు నెలలు ఆగాను. ఆ రెండు ముక్కలూ వంటింట్లో నూనె డబ్బాల పక్కన పెట్టుకున్నాను. ప్రతి శుక్రవారం దీపం పెట్టాక వాటిని తుడిచి, తుప్పు పట్టకుండా కాస్త నూనె రాసేదాన్ని. రాసినప్పుడల్లా శిష్యుడి ముఖం తలుచుకునేదాన్ని. కోపం చల్లారనివ్వకుండా ఎలా దాచుకోవాలో అప్పుడు తెలిసింది.

దసరాకు ఆటోనగర్‌లో ప్రతి షెడ్డులోనూ ఆయుధపూజ చేస్తారు. పనిముట్లన్నీ కడిగి, బల్ల మీద పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు చల్లి, గుమ్మడికాయ కొడతారు. మేస్త్రిగారు క్రైస్తవులు. కొబ్బరికాయ కొట్టరు, బొట్టు పెట్టుకోరు. అయినా శిష్యుడు ప్రతి ఏడూ పిలిచేవాడు. గురువుగారి పాత సుత్తిని బల్ల మీద అన్నిటికంటే ముందు పెట్టి, ఆయనకు కుర్చీ వేసి, కొత్త పంచె ఇచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టేవాడు. యార్డు నుంచి ఏం తెచ్చామో మేం ఎవరికీ చెప్పలేదు, ఎవరు పట్టుకెళ్ళారో చెప్పొద్దని సూపర్‌వైజరుకు మేస్త్రిగారు ఆ రోజే చెప్పి వచ్చారు. వ్యాను ఆ భాగం లేకుండా తిరిగొచ్చాక కూడా మేస్త్రిగారు ఒక్క మాట అడగలేదు కాబట్టి, ఆయనకు తెలియదనే శిష్యుడు అనుకున్నాడు. ఆ ఏడూ పిలిచాడు. నేను మావారిని, వదినగారిని బతిమాలి తీసుకెళ్ళాను. చుట్టుపక్కల గ్యారేజీల వాళ్ళు, ఖాతాదారులు కలిసి నలభై మంది దాకా ఉన్నారు.

శిష్యుడు ఒక్కో పనిముట్టుకూ బొట్టు పెట్టుకుంటూ వస్తున్నాడు. మేస్త్రిగారు కుర్చీలోంచి లేచి, నా సంచీలోంచి ఆ రెండు ముక్కలూ తీసుకుని, తన సుత్తి పక్కన పెట్టారు.

"దీనిక్కూడా బొట్టు పెట్టరా."

శిష్యుడి వేలు కుంకుమతో గాల్లోనే ఆగిపోయింది. "ఇదేంటి గురువుగారూ?"

"నీ చేతి పనేగా. పనికి బొట్టు పెట్టవా?"

ఎదుటి షెడ్డులో పెయింటింగు పని చేసే పెద్దాయన వంగి చూశాడు. "మేస్త్రీ, ఇది నీ గాటు గదయ్యా? మిగతా రెండూ ఏవి?"

"వీణ్ణడుగు."

"తెలియక జరిగిపోయిందండీ" అన్నాడు శిష్యుడు.

"తెలియనోడివి రాపిడి ఎందుకు పట్టావురా?"

నేను నోటుపుస్తకం తీసి, ఎడమవైపు లోయర్ ఆర్మ్ కొత్తది వేశారు అన్న వాక్యం, తేదీతో సహా పైకి చదివాను. నా గొంతు వణకలేదు. ఏడు నెలల సాధన అది.

"మా సారు కునికారని మా వదినగారితో చెప్పింది ఎవరు?"

"నేనేనండీ."

"కునికారా?"

"లేదండీ."

"మరి?"

"ఆర్మ్ విరిగిందండీ. ఆ రోజు కొత్తది దొరకలేదు. సారు తొందరన్నారు. కొన్నాళ్ళు ఆగుద్దిలే అనుకున్నా. విరుగుద్దని..." వేలికున్న కుంకుమను చొక్కాకు తుడుచుకున్నాడు. "తెలుసండీ నాకు."

వదినగారు తమ్ముడి చేతికర్రను తన చేతిలోకి తీసుకుని, ఆయన చెయ్యి తన మంచి భుజం మీద వేసుకున్నారు. మేస్త్రిగారు పసుపు కుంకుమలు పెట్టి ఉన్న తన సుత్తిని బల్ల మీద నుంచి తీసి సంచీలో వేసుకున్నారు. గురువు సుత్తి లేని బల్లను ఆ నలభై మందీ చూశారు. అంతకు మించిన శిక్ష ఆటోనగర్‌లో లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మావారు తలెత్తి, బెంజి సర్కిల్ దాటేవరకూ రోడ్డునే చూస్తూ కూర్చున్నారు.

ఏడాది తిరక్కుండా ఆ గ్యారేజీ మూతపడింది. శిష్యుడు ఇప్పుడు ఎవరి షెడ్డులోనో కూలికి చేస్తున్నాడని విన్నాను. జాలి కలిగిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుందని తెలుసు. కలగలేదు.

అయితే తర్వాతి సంగతి ఒకటుంది. దాని విలువ నాకు ఈ వారంలోనే అర్థమైంది. పిల్లల్లేని మేస్త్రిగారి ఇంట్లో పన్నెండేళ్ళు అన్నం తిన్న మనిషి ఆ శిష్యుడు. దసరా తర్వాత ప్రతి ఆదివారం, చర్చి నుంచి వీళ్ళు వచ్చే వేళకు, కమలాపళ్ళ కవరు పట్టుకుని గేటు బయట నిలబడేవాడు. మేస్త్రిగారు వరండా కుర్చీలోంచి గోడ మీదుగా నా వంక చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆయన "పోరా" అనేవారు. అతను వెళ్ళిపోయేవాడు. రెండేళ్ళు ఇలాగే గడిచింది. వర్షాల్లో కూడా వచ్చాడు.

పాస్టరుగారు ఒకసారి క్షమాపణ గురించి నచ్చజెప్పబోతే మేస్త్రిగారు అన్న మాట నేను గోడ ఇవతల నుంచి విన్నాను. "క్షమించమని చెప్పటం మీ డ్యూటీ అండీ, చెప్పండి. దెబ్బ తగిలింది పక్కింటోళ్ళకి. గేటు గొళ్ళెం వాళ్ళ చేతుల్లో ఉంది."

ఒక రోజు నేనే అడిగాను. "మీకు అతన్ని చూడాలని లేదా బాబాయిగారూ?"

"ఉంది."

అంతే అన్నారు. పలక మీద అక్షరాలు దిద్దుకుంటున్నట్టు ఎడమచేతి వేలితో కుర్చీ చెయ్యి మీద గీస్తూ కూర్చున్నారు. ఆ ఒక్క మాటకు నేను గేటు తీయించి ఉండొచ్చు. తీయించలేదు. ఆయన అడగలేదు. కొడుకులాంటి మనిషిని గేటు బయట నిలబెట్టి రెండేళ్ళు నా కోపాన్ని ఆయన మోశారు. తన గాటు మీద పెట్టుకున్న నమ్మకానికి జరిమానా అనుకుని మోశారో, నాకు పడ్డ బాకీ అనుకుని మోశారో తెలియదు. ఇంత గౌరవం నా కోపానికి ఇంకెవరూ ఇవ్వలేదు. అందరూ మర్చిపొమ్మన్నారు. ఆయన ఒక్కరే, వదలకుండా లాగమన్నారు.

సోమవారం సాయంత్రం భూస్థాపన జరిగింది. సమాధుల దొడ్డిలో పెట్టె దింపాక ఒక్కొక్కరూ వెళ్ళి మట్టి వేస్తున్నారు. నేను వేసి వచ్చి పిన్నిగారి పక్కన నిలబడ్డాను. అప్పుడు చూశాను, ఆ శిష్యుడు గోడ వారన నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. కుప్పలోంచి పిడికెడు నల్లమట్టి తీసుకుని, ముందుకు రాకుండా, మా వైపు చూస్తున్నాడు.

పిన్నిగారు నా చెయ్యి పట్టుకున్నారు. "వచ్చాడమ్మాయ్."

"చూశాను పిన్నిగారూ."

"ఆయన లేరు గదా ఇంక. నువ్వేమంటే అదే."

ఆవిడకు ఏం కావాలో ఆ పట్టులోనే తెలుస్తోంది. మావారు చేతికర్ర మీద వాలి, నా వంక చూడకుండా గోతిలోకి చూస్తున్నారు. పాస్టరుగారు వాక్యం చదవటం ఆపి ఎదురుచూశారు.

నేను తల అడ్డంగా ఊపాను.

పిన్నిగారు చెయ్యి వదల్లేదు. పారలతో మట్టి లాగటం మొదలైంది. శిష్యుడు ఆ చప్పుడు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత బయటికి నడిచి, స్కూటీ ఎక్కి, మట్టి ఉన్న ఎడమ పిడికిలిని గుండెకు ఆనించుకుని, కుడిచేత్తో బండి తిప్పాడు. కాలవ గట్టు మీద గతుకులకు బండి అటూ ఇటూ ఊగుతోంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడు కూడా ఆ చెయ్యి కిందికి దిగలేదు. గట్టు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. పిడికిలి విప్పలేదు. నేను పిలవలేదు.